కట్టు మీద వాలిన ఈగ

మా ఆయన దారిన పోయేవాళ్లను ఆపి కట్లు విప్పమంటాడు. చిత్తూరు బస్టాండులో గానీ, కోర్టు ముందర గానీ, మామిడికాయల మండీలో గానీ, చేతికో కాలికో కట్టుతో ఎవరైనా కనబడితే చాలు, ఆయన అడుగు ముందుకు పడదు. ముక్కూ మొహం తెలియని మనిషి పక్కన చేరి, "ఏమప్పా, కట్టు కింద గాయం ఏమన్నా ఉండాదా?" అని అడుగుతాడు. లేదన్నా వదలడు. "చిన్నదైనా చెప్పు. ఇంట్లో ఎవురన్నా చెప్పొద్దన్నారా?" అంటాడు. కొందరు తిడతారు. కొందరు మఫ్టీలో ఉన్న పోలీసనుకుని కంగారు పడతారు. ఒకసారి అలిపిరి దగ్గర, కొండ ఎక్కబోతున్న ఒక అరవ పెద్దాయన చేతికట్టు చూసి ఇట్లాగే ఆపాడు. ఇదేదో దొంగల పద్ధతి అనుకుని ఆయన చెప్పు తీశాడు. పక్కనే ఉన్న నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇన్నేళ్లలో ఆయన అనుమానం ఒక్కటీ నిజం కాలేదు. అయినా మానడు. పిచ్చివాడంటారు, నేనూ కాదనను. కానీ ఈ పిచ్చి పుట్టుకతో వచ్చింది కాదు. ఎట్లా వచ్చిందో చెప్పాలంటే ముందు ఈగల సంగతి చెప్పాలి.

మా ఆయన పేరు ధనంజయ. బజారు వీధిలో ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, బడిపిల్లల గ్రూపులు, ఉద్యోగాల దరఖాస్తులకు అంటించే చిన్న ఫోటోలు, చనిపోయినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి దండ వేసి తీసే ఆఖరి ఫోటో, అన్నీ తీస్తాడు. నా పేరు పంకజాక్షి. నగరిలో నేతపని వాళ్ల ఇంటి ఆడబిడ్డను. ఫోటోలవాడికి ఇస్తున్నామంటే మా వీధి వీధంతా నన్ను అదృష్టవంతురాలంది. రోజుకో ఫోటో తీయించుకోవచ్చని వాళ్ల లెక్క. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నన్ను తీసిన ఫోటోలు నాలుగో ఐదో ఉంటాయి. ఈగల్ని తీసినవి ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి.

1974 ఎండాకాలంలో వ్యవసాయశాఖ వాళ్లు ఊళ్లో ప్రదర్శన పెడుతూ, మామిడిపండులో పురుగు పుట్టించే ఈగను పెద్ద సైజులో ఫోటో తీసివ్వమని మా ఆయన్ను అడిగారు. పెళ్లికూతుళ్లను తీసే కెమెరాకు ఈగ ఎక్కడ ఆనుతుంది? ఆయన లెన్సు ఊడదీసి తలకిందులుగా బిగించాడు. దానికీ కెమెరాకూ మధ్య నల్ల కాగితం చుట్టిన అట్టగొట్టం పెట్టాడు. చచ్చిన ఈగను సూదికి గుచ్చి, పెరట్లో ఎండలో పెట్టి, చుట్టూ తెల్ల కాగితాలు నిలబెట్టి, ఊపిరి బిగబట్టి మీట నొక్కాడు. సాయంత్రం నన్ను చీకటి గదిలోకి పిలిచి, మందునీళ్ల పళ్లెం అటూ ఇటూ మెల్లగా ఊపమన్నాడు. ఎర్రబల్బు వెలుతురులో తెల్ల కాగితం మీద ముందు రెండు మచ్చలు లేచాయి. చూస్తుండగానే ఆ మచ్చలు కళ్లయ్యాయి. ఒక్కో కంట్లో జల్లెడకున్నన్ని కళ్లు. వాటి మధ్య తొండం, మొహమంతా ముళ్లలాంటి వెంట్రుకలు. ఆ మొహం నన్నే చూస్తోంది. నేను పళ్లెం వదిలేశాను. మందునీళ్లన్నీ చీర మీద పడ్డాయి. ఆ మరక ఇప్పటికీ పోలేదు.

భయంతో నా ఒళ్లు వణికిపోయింది. ఆయనకూ వణుకే, కానీ అది వేరు. తడి కాగితం చేత్తో పట్టుకుని, "దినామూ మన అన్నం మీద వాలేది ఇదా పంకజం? ఇన్నేండ్లూ మనం దీని మొగమే సూడలేదే" అన్నాడు. మా పెళ్లిచూపుల్లో నన్ను చూసినప్పుడు కూడా ఆ మొహంలో అంత వెలుగు లేదు. నాకు బాగా గుర్తుంది.

అంతే, అక్కడి నుంచి మా కొంపకు ఈగలు పట్టాయి. వ్యాపారం లేని అంగడివాళ్లు ఈగలు తోలుకుంటారని సామెతగా అంటారు. మా ఆయన నడుస్తున్న అంగడికి తాళం వేసి ఈగలు పట్టుకోవడానికి పోయేవాడు. చొక్కాజేబులో ఎప్పుడూ బిరడా ఉన్న చిన్న గాజుగొట్టం ఒకటి ఉండేది. ఈగ వాలిన చోట దాన్ని బోర్లించి, ఈగ పైకి ఎగరగానే బిరడా పెట్టేసేవాడు. ఇంటికి తెచ్చి, దూదిలో నాలుగు చుక్కల మందు వేసిన సీసాలో పడేసి, కాళ్లు కొట్టుకోవడం ఆగాక సూది గుచ్చేవాడు. సూది వీపు నడిమధ్యన గుచ్చకూడదట, కుడిపక్కకు గుచ్చాలట. గుచ్చిన చోట వెంట్రుకలు పాడైనా, ఎడమపక్కవి చెక్కుచెదరకుండా ఉంటాయి కదా అనేవాడు. ఈగ వీపు మీద వెంట్రుకలు లెక్కపెట్టే మనిషిని కట్టుకున్నానని నాకు అప్పుడు తెలిసింది. పెట్టెల్లో కలరా ఉండలు, బల్లకోళ్ల కింద చీమలు ఎక్కకుండా నీళ్ల గిన్నెలు. నా పాలగిన్నెలు రెండు ఆ బల్లకోళ్ల కిందకే పోయాయి.

పేర్లు కనుక్కోవడం ఇంకో తతంగం. మద్రాసు మూర్ మార్కెట్టులో పాత పుస్తకాల అంగట్లో ఆయనకొక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. దాని నిండా ప్రశ్నలే. రెక్కలో నరం వంగిందా, తిన్నగా పోయిందా? వంగితే ఫలానా పేజీకి పో. అక్కడ ఇంకో ప్రశ్న. కోర్టులో ప్లీడరు సాక్షిని తిప్పినట్టు ఆ పుస్తకం మా ఆయన్ను తిప్పేది. డిక్షనరీ ఒకచేత, భూతద్దం ఒకచేత పట్టుకుని, ఒక్కో ఈగ పేరుకు వారం రోజులు కూర్చునేవాడు. ఆఖరి ప్రశ్న దాకా పోయి, అక్కడ అడిగింది ఈగ మీద కనబడకపోతే మళ్లీ మొదటి పేజీకి వచ్చేవాడు.

ఒకసారి మొక్కు తీర్చుకోవడానికి తిరుమలకు నడిచిపోదామని బయలుదేరాం. అలిపిరి మెట్ల దగ్గర కొబ్బరికాయ కొట్టాం. ఆ చిప్పల మీద ముసిరిన ఈగల్లో ఆయనకు ఏదో కొత్తది కనబడింది. "నువ్వు పోతా ఉండు, వచ్చేస్తా" అన్నాడు. నేను కొండ ఎక్కి, దర్శనం చేసుకుని, బస్సులో దిగి వచ్చేసరికి అక్కడే ఉన్నాడు. దేవుడు కూడా ఏమీ అనుకోడులే అని సర్దిచెప్పబోయాడు. నేను చిత్తూరు చేరేదాకా ఆయనతో మాట్లాడలేదు.

ఈ ఈగల గొడవలో మా ఆయన్ను మనిషిగా చూసినవాడు ఒక్కడే, నా తమ్ముడు మునిస్వామి. మా నాయన పోయాక నగరిలో మగ్గం వాడే నడిపేవాడు. మాది గుంట మగ్గం. గుంటలోకి కాళ్లు దించి కూర్చుని, కింద పలకల్ని ఒకటి మార్చి ఒకటి తొక్కుతూ నేయాలి. చేతులకెంత పనో కాళ్లకూ అంతే పని. వాడు చిత్తూరు వస్తే నాకు పువ్వులు, వాళ్ల బావకు అగ్గిపెట్టె తెచ్చేవాడు. "బావా, ఇది సూడు. నడుము సూస్తే కందిరీగ మాదిరి ఉండాది గానీ రెక్కలు రెండే. అంటే ఈగే గదా?" అనేవాడు. కందిరీగకు నాలుగు రెక్కలని వాడికి చెప్పింది మా ఆయనే. ఇద్దరూ తలలు ఆనించుకుని ఆ అగ్గిపెట్టెలోకి చూస్తుంటే, నాకు కోపం రావలసింది పోయి నవ్వొచ్చేది.

ఇక మండీ సంగతి. వరదయ్య అని, చిత్తూరుకు అవతల మామిడితోట ఉన్న పెద్దమనిషి. 1977లో కాయలు కోసి కుప్ప పోశాక, దాని మీద సన్న ఈగలు ముసిరాయని మా ఆయన్ను పిలిపించాడు. కొనేవాళ్లు ఎదురుచూస్తున్నారు, చెప్పు అన్నాడు. మా ఆయన భూతద్దం కూడా తీయకుండా, చూసిన చూపులోనే, "పురుగు పెట్టే ఈగే" అన్నాడు. వరదయ్య హడలిపోయి, మిగతా కాయలకు అంటుకుంటుందని కుప్ప కుప్పంతా గుంట తీసి పూడ్పించాడు. ఇంటికొచ్చి అద్దం కింద పెడితే అవి వట్టి పులుపు ఈగలు. ముగ్గిన పండు వాసనకు వచ్చేవే తప్ప ఏ హానీ లేనివి. మా ఆయన నిజాయితీపరుడు, మర్నాడే పోయి చెప్పేశాడు. అంతే, మండీ మండీ అంతా పగలబడి నవ్వింది. ఈగల డాక్టరు వస్తున్నాడు, కాయలు పాతిపెట్టుకోండ్రా అని ఆయన వీధిలో నడిస్తే కేకలేసేవారు. స్టూడియోకు వచ్చే పెళ్లిళ్లవాళ్లు కూడా ఆ మాటే ఎత్తి నవ్వేవారు. ఆయన ఆ ఏడంతా తలెత్తలేదు. ఇక మీదట అద్దం కింద చూసి, ఫోటో తీసి, పుస్తకంతో సరిపోల్చుకునేదాకా ఏ ఈగనూ పేరుపెట్టి పిలవనని నా ఎదుట ఒట్టు పెట్టుకున్నాడు. మంచి ఒట్టే అనుకున్నాను.

1979లో ఆడికృత్తిక పండగ అయిన తర్వాత వారంలో, నా తమ్ముడు కాలు విరగ్గొట్టుకున్నాడు. సైకిలు మీద నూలుమూట వేసుకుని వస్తుంటే ఎనుము అడ్డం వచ్చిందట. సైకిలూ మూటా అన్నీ మీద పడ్డాయి. మోకాలికీ పాదానికీ మధ్య ఎముక విరిగింది. మా వైపు ఎముక విరిగితే ఎవరూ రెండో ఆలోచన చేయరు, పుత్తూరు పోవడమే. మా అమ్మ గంగులమ్మ వాణ్ణి బండిలో వేసుకుని పోయి కట్టు కట్టించుకొచ్చింది. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, గుడ్డ, వెదురుబద్దలు. మళ్లీ కట్టు మార్చేదాకా దాన్ని తడపకూడదు, కదపకూడదు. నడుమ విప్పితే అతుకుతున్న ఎముక వంకర పోతుందని మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

కబురు అంది, ఆ ఆదివారం ఇద్దరం నగరి పోయాం. తమ్ముడు నట్టింట్లో చాప మీద గోడకు ఆనుకుని, కట్టుకాలు దిండు మీద పెట్టుకుని ఉన్నాడు. మొహం కాస్త వాడినా బావను చూడగానే విప్పారింది. మా ఆయన వాడి పక్కనే చాప మీద కూర్చున్నాడు. అమ్మ ఇద్దరికీ కాఫీ ఇచ్చింది. ఇల్లంతా ఆ కట్టు వాసన, పసరూ నూనే గుడ్డూ కలిసిన వాసన. అందులో ఇంకే వాసన ఉన్నా ఎవరికీ తెలియదు.

"లోపల జరజరమంటా ఉండాది అక్కా, ఏదో పాకినట్ల" అన్నాడు తమ్ముడు.

అమ్మ వంటింట్లోంచే అందుకుంది. "ఎముక అతికేటప్పుడు అట్లనే ఉంటాది. మంచిదే. నోరు మూసుకోని పండుకో."

అప్పుడొక ఈగ వచ్చి కట్టు మీద వాలింది. పచ్చగా, నీలంగా మెరుస్తోంది. నేను విసనకర్రతో తోలాను. లేచి మళ్లీ అక్కడికే వచ్చింది. మా ఆయన కాఫీగ్లాసు కింద పెట్టాడు. జేబులోంచి గాజుగొట్టం తీసి తమ్ముడి కాలి మీద బోర్లించి, బిరడా పెట్టి, వెలుతురుకు ఎత్తి చూశాడు. పరామర్శకు వచ్చిన అల్లుడు చేసే పనేనా అది? అమ్మ గుమ్మంలో నిలబడి మొహం అటు తిప్పుకుంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. తమ్ముడు మాత్రం నవ్వాడు.

"ఈ తూరి అగ్గిపెట్టెలో తెచ్చే పని తప్పిచ్చినావు బావా" అన్నాడు.

మా ఆయన నవ్వలేదు. "కట్టు ఎప్పుడు మారుస్తారు అత్తా?" అని ఒక్కమాట అడిగాడు.

"ఈ మంగళవారం కాదు నాయనా, పై మంగళవారం. అంతదాకా ఎవురూ చెయ్యి పెట్టగూడదు."

ఆయన తలూపి, కాఫీ అందుకుని తాగాడు. బస్సులో చిత్తూరు దాకా ఆ గొట్టం పిడికిట్లోనే ఉంది. "ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్టు, వాడక్కడ కాలు విరిగి పడుంటే మీకు ఈగ దొరికింది" అని నేను దారిపొడుగునా సాధించాను.

సోమవారం మబ్బు పట్టింది. ఎండ లేకపోతే ఆ కెమెరాతో పని కాదు. ఆయన ఈగను సూదికి గుచ్చి, అద్దం పట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. వడ్డించిన అన్నం చల్లారిపోయింది. మంగళవారం ఎండ వచ్చింది. కన్ను తేటగా పడితే రెక్క మసక, రెక్క తేటగా పడితే ఇంకోటి మసక. ఒక ఫిల్మురోలు కడిగి, అది బాగాలేదని ఇంకోటి ఎక్కించాడు. పెళ్లి ఆర్డరు ఇవ్వడానికి వచ్చినవాళ్లను రేపు రమ్మన్నాడు. నాకు అలవాటే కాబట్టి పట్టించుకోలేదు.

బుధవారం పొద్దున పిండి రుబ్బుతుంటే వచ్చి నా ముందు నిలబడ్డాడు. చేతిలో తడి ఫోటో. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"రెక్క మొదట్లో ఈ పొర సూడు పంకజం. తెల్లగా ఉండాది."

"ఉంటే?"

"పొగరంగుగా ఉంటే అది చెత్తకుప్పల మీద వాలే ఈగ. రెండూ సూసేదానికి ఒకే మాదిరి ఉంటాయి. తెల్లగా ఉంటే వేరే. దానికి సచ్చిన మాంసం పనికిరాదు. బతికుండే ఒంటి మీద పుండు సూసుకోని గుడ్లు పెడతాది. పురుగులు లోపలికి తినుకుంటా పోతాయి."

"మునిసామికి పుండు యాడుండాది? ఎముకే గదా విరిగింది" అన్నాను.

"అదే నాకూ తెలీలేదు. లెయ్, పోదాం" అన్నాడు. చెయ్యి కడుక్కోకుండానే బయలుదేరాను.

నగరిలో గుమ్మం దాటి లోపలికి పోయాం. తమ్ముడు జ్వరంతో కాలిపోతున్నాడు. పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసుకుంటున్నాడు. అమ్మ తడిగుడ్డ నుదుటి మీద వేసి కూర్చుంది. ఎముక జ్వరమట, వచ్చి పోతుందట. మా ఆయన చేతిసంచిలోంచి స్టూడియోలో ఫోటో అంచులు కత్తిరించే కత్తెర తీశాడు. అమ్మ కాలికి అడ్డం పడిపోయింది.

"కట్టు మీద చెయ్యేస్తే నా మీద ఆన. వాని కాలు వంకర పోతే మగ్గం నువ్వొచ్చి తొక్కుతావా? ఈగలు పట్టేవానికి ఎముకల సంగతి ఏం తెల్సు?"

"అత్తా, కట్టు కింద గాయముండాదా? ఒక్కమాట చెప్పు."

"లేదు. గాయం లేదు, ఏమీ లేదు" అంది అమ్మ. అంటూ నా వైపు చూసింది. మా అమ్మ అబద్ధం ఆడేటప్పుడు నా వైపే చూస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. ఆమె రెండు చేతులూ పట్టుకుని పక్కకు లాగాను. మా ఆయన కత్తెర వేశాడు.

బద్దలు ఊడాయి. పసరు గట్టిపడిన గుడ్డ పొరలు పొరలుగా వచ్చింది. అన్నిటికంటే కింద, కాలి ముందుభాగాన, నల్లగా ఎండిన, కాఫీపొడీ పసుపూ కలిసిన పెచ్చు ఉంది. ఆ పెచ్చు ఊపిరి తీసుకుంటున్నట్టు పైకీ కిందికీ కదిలింది. ఆయన కత్తెర మొనతో దాన్ని ఎత్తాడు. లోపల తెల్లటి పురుగులు తోకలు మాత్రం పైకి పెట్టి, తలలు మాంసంలోకి దూర్చి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గుంటనిండా ఉన్నాయి. వాటి అడుగున ఎముక కనబడింది. నా తమ్ముడి ఎముక. నేను అరవలేదు. గోడకు చేరగిలబడి, కింద కూర్చుండిపోయాను. నా చెయ్యి నోట్లో ఉందనీ, దాన్ని నేనే కొరుకుతున్నాననీ తర్వాత తెలిసింది.

సైకిలు పళ్లచక్రం కాలిలో దిగబడి గాయమైందట. నెత్తురు ఆగడానికి అమ్మ కాఫీపొడీ పసుపూ అద్దింది. పుత్తూరులో కట్టు కట్టే పెద్దాయన మొట్టమొదట అడిగిన మాటే గాయం ఉందా అని. ఉంటే మేము కట్టం, ఆసుపత్రికి తీసుకుపోండి అన్నాడట. ఆసుపత్రి అంటే వేలూరు, వేలూరంటే కాలు తీసేస్తారు. అమ్మకు తెలిసిన లెక్క అది. వీధిలో ఎవరికో అట్లా జరిగింది. అందుకని కాలికి పట్టిన దుమ్మూ పసుపూ చూపించి ఏమీ లేదు సామీ, గీసుకుపోయింది అంతే అని చెప్పేసింది. కట్టినాయన తప్పు ఇందులో ఆవగింజంత లేదు. ఇదంతా అమ్మ ఆ పురుగుల ముందు కూర్చుని, తల బాదుకుంటూ చెప్పింది.

టాక్సీలో వేలూరు తీసుకుపోయాం. డాక్టరు అరవాయన, నెమ్మదస్తుడు. ఎముకలోకి విషం ఎక్కిందనీ, మోకాలి పైదాకా కాలు తీసేయకపోతే మనిషి దక్కడనీ చెప్పాడు. అమ్మ అక్కడే పడిపోయింది. కాగితాల మీద నేను సంతకం పెట్టాను. ఆ తర్వాత డాక్టరు మా ఆయన్ను, కట్టు విప్పాలని నీకెట్లా తోచిందని అడిగాడు. మా ఆయన ఈగ సంగతంతా చెప్పాడు. డాక్టరు మెచ్చుకోలుగా తలూపుతూ విని, ఎప్పుడు చూశావన్నాడు.

"ఆదివారం" అన్నాడు మా ఆయన.

డాక్టరు తల ఊపడం ఆపాడు. ఆదివారమే తెచ్చి ఉంటే పురుగుల్ని ఏరేసి, గాయం కడిగి, కాలు నిలబెట్టేవాళ్లమని అరవంలో అన్నాడు. నగరి వాళ్లం, మాకు అరవం బాగా తెలుసు. తెలియకపోయినా బాగుండేదని ఆ క్షణాన అనిపించింది.

వరండాలోకి వచ్చాక ఆయన్ను నిలదీశాను. "ఆదివారమే తెల్సా మీకు?"

"తెలీదు. అనుమానం."

"ఆ అనుమానమే ఒక మాట చెప్పగూడదా?"

"తప్పయితే? విప్పించినాక ఏమీ లేకపోతే? ఎముక వంకర పోతే వాడు మగ్గం యాడ తొక్కేది?" అన్నాడు. మళ్లీ తనే, "మళ్ల నవ్వుతారనుకున్నా" అన్నాడు.

నేను దిమ్మెరపోయి ఆయన్ను చూశాను. పురుగుల్ని చూసినప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు. ఆదివారం బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి పిడికిట్లో నా తమ్ముడి కాలు ఉంది. నేనేమో ఈగ అనుకుని తిట్టాను. కొట్టాలనిపించింది. కానీ ఆయన చెప్పిన దాంట్లో తప్పెక్కడుందో వెతికితే నాకు దొరకలేదు. అదే నన్ను ఇంకా కాల్చేసింది. తప్పు దొరికితే కడుపారా తిట్టుకునేదాన్ని.

ఇప్పుడు నా తమ్ముడు ఒంటికాలితో నగరిలోనే ఉన్నాడు. మగ్గం గుంట పూడ్చేశారు. మా ఇళ్లల్లో ఆడవాళ్లూ ముసలివాళ్లూ చేసే పని, రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టడం, వాడు చేస్తాడు. అమ్మ రెండేళ్లకే పోయింది. మా ఆయన ఈగల్ని వదల్లేదు, వదులుతాడనుకున్నాను గానీ వదల్లేదు. పేర్లు మాత్రం ఇప్పుడు ఆలస్యంగా వెతుకుతాడు. ముందు మనిషిని అడుగుతాడు. తప్పయితే కానీ, తిట్టించుకుంటాడు, నవ్వించుకుంటాడు. నేను పక్కన నిలబడి సిగ్గుపడతాను. ఆపను. ఆపబోయినప్పుడల్లా నాకు ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం గుర్తొస్తుంది.

ఆపరేషనైన తర్వాత తమ్ముడికి జ్వరం తగ్గి, మాట తేటపడిన రోజు అది. కాలు లేదని వాడికి అప్పటికే తెలుసు. దుప్పటి ఒకవైపు చదునుగా ఉన్న చోటికి చూడడం మానేశాడు. అమ్మ కింద నేల మీద పడుకుని ఉంది. మా ఆయన మంచం చివర స్టూలు మీద కూర్చున్నాడు. మూడు రోజులుగా ఆయన అట్లాగే వచ్చి, అట్లాగే కూర్చుని పోతున్నాడు.

"బావా, ఆ ఈగ పేరు తేలిందా?" అన్నాడు తమ్ముడు.

మా ఆయన ఉలిక్కిపడి నా వైపు చూశాడు. తలూపాడు.

"ఎట్ల తేలింది?"

ఆయన చెప్పాడు. రెక్క మొదట్లో పొర సంగతి, పొగరంగు సంగతి, తెలుపు సంగతి, సోమవారం మబ్బు పట్టిన సంగతి. తమ్ముడు అగ్గిపెట్టె తెచ్చిన రోజుల్లో విన్నట్టే, ఒక్కమాట వదలకుండా విన్నాడు.

"అయితే ఆ పొద్దు నువ్వు దాన్ని పట్టినప్పుడే అనుమానం వచ్చిండాది నీకు."

"వచ్చింది అబ్బా" అన్నాడు మా ఆయన. "గాయముండాదని తెలీదు గదా నాకు. తెలిసుంటే..."

తమ్ముడు పైకప్పు వైపు చూశాడు. కళ్లలో నీళ్లు లేవు, కోపం కూడా లేదు. బావ చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

"అమ్మ చెప్పొద్దనింది, నేను చెప్పలేదు. తప్పయితాదని నువ్వు చెప్పలేదు. గాయం సంగతి నాకు తెల్సు, ఈగ సంగతి నీకు తెల్సు. ఇద్దరం ఒకే చాప మీద కూసోని, కాపీ తాగి లేసినాం గదా బావా" అన్నాడు.